జట్టు చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి,

హైదరాబాద్ మహిళల క్రికెట్ జట్టు చరిత్ర రాయడానికి పూనుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఎప్పుడో జరగాల్సిన పని ఇది. తొలితరం ఆటగత్తెలకు వయసు మీద పడుతోంది, అందుకని ఏది ముందు, ఏది తరవాత అన్నది నీకు ముఖ్యం. ఇంటర్నెట్‌లో దొరికేది పదేళ్ల తరవాత కూడా దొరుకుతుంది. మనుషుల దగ్గరున్నది అలా కాదు. ముందు మనుషులు, తరవాత స్కోరుబుక్కులు, ఆ తరవాత పత్రికలు, చివర ఇంటర్నెట్.

బయల్దేరే ముందు హద్దులు తేల్చుకో. క్రికెట్లో "హైదరాబాద్" అంటే రాష్ట్రం కాదు, క్రికెట్ సంఘం. 1956 నుంచి 2014 దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో కూడా రంజీల్లో హైదరాబాద్, ఆంధ్ర వేరువేరు జట్లే. అయితే మగవాళ్ల జట్ల హద్దులే ఆడవాళ్లకూ ఉండేవని ముందే అనుకోవద్దు. మహిళల క్రికెట్ 2006లోగానీ బీసీసీఐ చేతికి రాలేదు. అంతకుముందు దాన్ని నడిపింది 1973లో ఏర్పడ్డ భారత మహిళా క్రికెట్ సంఘం. ఆ సంఘం కాలంలో ప్రతి సీజన్‌కీ స్కోరుకార్డు మీద జట్టు పేరు ఏమని ఉందో అచ్చంగా అదే రాసుకో. నీ అంతట నువ్వు సరిదిద్దకు.

"మొదటి నేషనల్స్ (జాతీయ పోటీలు) నుంచీ ఆడుతున్నాం" అని ఎవరైనా అంటే వెంటనే రాసెయ్యకు. 1973 ఏప్రిల్‌లో పూణేలో జరిగిన మొదటి పోటీలో ఆడినవి మూడే జట్లు: బొంబాయి, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్. అదే ఏడాది చివర వారణాసిలో ఎనిమిదయ్యాయి, మూడోసారి కలకత్తాలో పద్నాలుగు. మన జట్టు తొలి అడుగు కోసం రెండో పోటీ నుంచి టీమ్ లిస్టులు వెతుక్కుంటూ రావాలి. చెప్పినవాళ్లు అబద్ధమాడారని కాదు. తాము మొదటిసారి ఆడిన పోటీయే వాళ్లకు మొదటి నేషనల్స్‌గా గుర్తుండిపోతుంది.

పాత ఆటగత్తెల దగ్గరికి వెళ్లినప్పుడు "ఏ సంవత్సరం?" అని అడక్కు. ఊహించి చెప్పేస్తారు, ఆ ఊహ నీ పుస్తకంలో నిజమై కూర్చుంటుంది. డిగ్రీ ఎన్నో ఏడు, పెళ్లికి ముందా తరవాతా, ఉద్యోగం వచ్చిందా అప్పటికి అని అడుగు. మన ఊళ్లో మంచి గుర్తు ఒకటుంది: 1978 జనవరి 13న లాల్ బహదూర్ స్టేడియంలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ప్రపంచ కప్ మ్యాచ్ ఆడాయి, ఆస్ట్రేలియా గెలిచి కప్పు పట్టుకెళ్లింది. "ఆ మ్యాచ్ చూశారా? అప్పటికే మీరు జట్టులో ఉన్నారా?" అని అడిగితే కాలం దానంతటదే తేలుతుంది. మాటలు గంటన్నర దాటనివ్వకు, అలసిపోయాక చెప్పేవి కలగాపులగమవుతాయి. రికార్డు చేసే ముందు అనుమతి అడుగు. ఆల్బమ్ తెరిచాక ఫొటోలో నిలబడ్డవాళ్ల పేర్లు ఎడమనుంచి కుడికి ఆమె చేతనే చెప్పించు. పేర్లు ఫొటో వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో రాయి, బాల్‌పెన్ను నొక్కు ముందువైపు తేలుతుంది. చిన్న ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చెయ్యి. పాత కాగితాలకు సెల్లోటేపు, లామినేషన్ రెండూ వద్దు.

ఇక స్కోరుబుక్కు. నీ పుస్తకానికి ప్రాణం ఇదే. పేజీ దొరగ్గానే నమ్మెయ్యకుండా లెక్క కట్టి చూడు. జట్టు 7 వికెట్లకు 168 చేసిందనుకో. బ్యాటర్ల పరుగులు 149, బైలు (బ్యాట్‌కూ ఒంటికీ తగలకుండా వచ్చినవి) 5, లెగ్‌బైలు (ఒంటికి తగిలి వచ్చినవి) 4, బౌలర్ తప్పు బంతులకిచ్చే వైడ్లు 8, నోబాల్స్ 2. కూడితే 168, సరిపోయింది. ఇప్పుడు బౌలర్లు ఇచ్చిన పరుగులు కూడు. బైలు, లెగ్‌బైలు తీసేస్తే 159 రావాలి. 149 వచ్చిందా? కంగారుపడి దిద్దకు. 1980ల నడిమి దాకా వైడ్లూ నోబాల్సూ బౌలర్ ఖాతాలో వేసే అలవాటు లేదు, కాబట్టి పాత పుస్తకంలో 149 సరైన లెక్కే. 153 లాంటి అంకె వస్తే మాత్రం ఎక్కడో తప్పుంది. బౌలర్ల వికెట్లకు రనౌట్లు కలిపితే 7 రావాలి. బంతుల లెక్క కూడా రాసి ఉండి, 50 ఓవర్లు పూర్తయి ఉంటే, బ్యాటర్లు ఆడిన బంతులు 300కు నోబాల్స్ కలిపి 302 ఉండాలి. వైడ్లు అందులోకి రావు. తేడా వస్తే కార్డును ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, కింద తేడా ఇంత అని రాయి.

ఈ శ్రమ ఎందుకంటావేమో. 2021లో ఐసీసీ (అంతర్జాతీయ క్రికెట్ మండలి) మహిళల దేశవాళీ మ్యాచ్‌లకూ ఫస్ట్‌క్లాస్ (పలు రోజుల మ్యాచ్‌లు), లిస్ట్-ఎ (ఒకరోజు మ్యాచ్‌లు) హోదాలు వర్తిస్తాయని, పాత మ్యాచ్‌లకూ అవి వర్తిస్తాయని ప్రకటించింది. ట్రంకు పెట్టెలో పడున్న నీ కార్డు రేపు ఒకావిడ అధికారిక రికార్డు కావచ్చు.

2006–07 తరవాతి కార్డులు సులభంగానే దొరుకుతాయి. మొదట్లో పోటీలు జోన్ల వారీగా జరిగేవి. సౌత్ జోన్‌లో మనతోపాటు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు, కేరళ, గోవా ఉండేవి, అంటే లీగ్‌లో ఐదు మ్యాచ్‌లు. నీకు నాలుగే దొరికితే ఒకటి వానకు పోయిందో, నీ చేతికి రాలేదో తేల్చాకే ముందుకెళ్లు. సీజన్‌ను 2006–07 అనే రాయి, ఒట్టి 2006 అంటే ఏడాది తారుమారవుతుంది.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. మన ఇంటిపేరు ముందుంటుంది, కార్డులో అది పొడి అక్షరమై మిగులుతుంది. గొంగడి త్రిష ఒకచోట పూర్తి పేరుతో, ఇంకోచోట "జి. త్రిష"గా కనిపిస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు రెండు మనుషులుగా లెక్కలోకొస్తారు. ఒకే పేరున్న ఇద్దరు ఒకరైపోతారు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు పెట్టి, దొరికిన రూపాలన్నీ దాని మీద రాసుకో.

అన్నిటికన్నా ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడ. మన ఊరి అమ్మాయిలందరినీ మన జట్టు ఖాతాలో వేసెయ్యాలనిపిస్తుంది. మిథాలీ రాజ్ సికింద్రాబాద్‌లో పెరిగింది, 2002లో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో 214 పరుగులు కొట్టింది, కానీ దేశవాళీలో ఎక్కువకాలం ఆడింది రైల్వే శాఖ జట్టు రైల్వేస్‌కు. అరుంధతి రెడ్డి హైదరాబాద్ నుంచే రైల్వేస్‌కు వెళ్లింది. ఆంధ్ర నుంచి సబ్బినేని మేఘన, అంజలి శర్వాణి కూడా అదే దారిన నడిచారు. ఉద్యోగం ఇచ్చి ఆడించేది రైల్వేస్, అందుకే అన్నేళ్లు ఆ జట్టుకు ఎదురులేకపోయింది. కాబట్టి జాబితాలు రెండు పెట్టు. ఒకటి హైదరాబాద్ టోపీ పెట్టుకున్నవాళ్లది, ఇంకొకటి ఇక్కడ ఆట నేర్చి వేరేచోట ఆడినవాళ్లది. మొదటి జాబితాలో ఎవరు ఏ సీజన్ తరవాత కనిపించకుండా పోయారో గీత గీసి చూడు. జట్టు ఎందుకు తడబడిందో ఆ గీతల దగ్గరే చాలావరకు తెలుస్తుంది. ఇండియాకు ఆడనివాళ్లే ఆ జాబితాలో ఎక్కువమంది, వాళ్ల పేజీలు కుదించకు.

పత్రికల కోసం అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయానికి వెళ్లు, వేటపాలెం సారస్వత నికేతనంలోనూ పాత సంపుటాలున్నాయి. పోటీ తేదీలు చేతిలో ఉంటేనే వెళ్లు. ప్రతి మ్యాచ్‌కూ మర్నాటి, ఆ మర్నాటి పేజీలు రెండూ చూడు, ఆడవాళ్ల స్కోర్లు ఆలస్యంగా, ఆటల పేజీ అడుగున రెండు వాక్యాల్లో వస్తాయి. శీర్షికలు మాత్రమే చదివితే అవి చిక్కవు.

వచ్చే వారమే మొదటి ఇంటికి వెళ్లు. అందరికన్నా పెద్దావిడ దగ్గర మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ