ఎలుగుబంట్ల ప్రాజెక్టుకి వాలంటీర్‌గా వెళ్ళొచ్చా?

తమ్ముడూ, అమెరికాలో చదువుకుంటూ ఎలుగుబంట్ల ప్రాజెక్టుకి వాలంటీర్‌గా వెళ్ళొచ్చా అని అడిగావు. మీది సోంపేట అన్నావు గనక చనువుగా రాస్తున్నాను. మాది మందస. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఎలుగంటే ఎంత భయమో నాకు తెలుసు. చీకటి పడ్డాక జీడితోట వైపు వెళ్ళొద్దని మా అమ్మ రోజూ చెప్పేది. ఇక్కడ అమెరికాలో ఉండే నల్ల ఎలుగు వేరే జాతి. మనిషి అలికిడి వింటే చాలావరకు తప్పుకుంటుంది, లేదా చెట్టెక్కేస్తుంది. నువ్వు అడిగిన నాలుగు ప్రశ్నలూ అది మీద పడుతుందేమో అనే. డబ్బు గురించి ఒక్కటీ అడగలేదు. నా టెన్షన్ అంతా అదే.

వీసా సంగతి మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుని అడుగు. స్టైపెండ్ పేరుతో ఏమైనా ఇస్తామంటే మాత్రం ముందే అడగాలి.

నా సంగతి చెప్తాను. ఎమ్మెస్ మొదటి ఏడాది అయిన వేసవిలో నార్త్ కరోలినా పశ్చిమ కొండల్లో ఒక ప్రాజెక్టుకి వెళ్ళాను. ఆష్‌విల్ చుట్టుపక్కల ఎలుగులు ఇళ్ళ మధ్యే తిరుగుతాయి. అక్కడ రాష్ట్ర వన్యప్రాణి సంస్థ, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ కలిసి 2014లో అధ్యయనం మొదలుపెట్టాయి. ఊళ్ళో పెరిగిన ఏడాది వయసు ఆడ ఎలుగులు అడవిలో వాటికి దాదాపు రెట్టింపు బరువున్నాయని అందులో తేలింది. చెత్తడబ్బాలు, పిట్టలకి వేలాడదీసే గింజలు అందుబాటులో ఉంటే తిండికి కొదవేముంది?

వసతి ఉచితం అనగానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఎలుగుల్ని పట్టడానికి మేం పెట్టే బోను అంటే రోడ్డు కింద వేసే తూములాంటి పెద్ద గొట్టం, చక్రాల బండి మీద ఉంటుంది. లోపల ఎరగా మిగిలిపోయిన డోనట్లు. ఇంటివాళ్ళ అనుమతితో పెరట్లో పెట్టి, పొద్దున్నా సాయంత్రం చూసి రావాలి. తిరగడం నా సొంత పాత కారులో. పెట్రోలుకి వారానికి 60 డాలర్లు అయ్యేది. ఎవరిస్తారని నేను ముందు అడగలేదు. డబ్బు మనిషి అనుకుంటారని మొహమాటం.

అంతకంటే పెద్ద తప్పు, ఆ వేసవికి ఆరోగ్య ఇన్సూరెన్స్ వద్దనుకోవడం. కొన్ని వందల డాలర్లు మిగులుతాయి కదా అనుకున్నాను. జూలైలో తడి బండ మీద జారి మణికట్టు విరిగింది. ఎమర్జెన్సీలో కట్టు కట్టించుకుని వస్తే 7,400 డాలర్ల బిల్లు. నాన్న అప్పటికే నా చదువుకి తోట తాకట్టు పెట్టారు. ఇంట్లో చెప్పలేదు. ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడి వాయిదాలు పెట్టించుకుని, క్యాంపస్ క్యాంటీన్‌లో పనిచేసి 22 నెలల్లో తీర్చాను. ఒక్క వాయిదా తప్పలేదు.

మరి వెళ్ళొద్దంటున్నానా? లేదు. మొదటి ఎలుగు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మత్తు ఇచ్చి పరదా మీద పడుకోబెట్టారు. మత్తులో రెప్ప వెయ్యలేదు కాబట్టి కళ్ళకి మందు రాసి గుడ్డ కప్పాం. ఒక చిన్న పన్ను తీశారు. దాన్ని పల్చగా కోసి చూస్తే మానులో ఉన్నట్టే వలయాలుంటాయి, వాటితో వయసు లెక్కగడతారు. ఊపిరి లెక్కపెట్టడం నా పని. మూతి చుట్టూ బొచ్చుకి డోనట్ పంచదార అంటుకుని ఉంది. అరికాలు ముట్టుకుంటే మా తాత తోలు చెప్పుల్లా గరుగ్గా, వెచ్చగా ఉంది. ఆ వేసవి పని చూసి ఇచ్చిన సిఫారసు ఉత్తరంతోనే నాకు మొదటి ఉద్యోగం వచ్చింది.

కాబట్టి ఒప్పుకునే ముందు ఒక మెయిల్ రాయి. బండి ఎవరిది, మైలుకి ఎంతిస్తారు, పనిలో దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, తిండి ఎవరిది. మీ వయసువాళ్ళకి ఇలాంటివి అడగడం నామోషీగా ఉంటుంది, నాకు తెలుసు. ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు. ఇన్సూరెన్స్ మానెయ్యకు. ఖాతాలో కనీసం 2,000 డాలర్లు లేకుండా బయల్దేరకు. పిడుదులు పట్టకుండా బట్టల మీద కొట్టే మందు కొట్టిన ప్యాంటు వేసుకుని, రోజూ రాత్రి ఒళ్ళంతా చూసుకో, అక్కడ పిడుదులు ఎక్కువ.

జవాబులు వచ్చాక నాకు పంపు, ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.