మడవ ఎప్పుడు కట్టాలి

మూలాపేట, నెల్లూరు

అమ్మాయీ,

వైరస్‌ని కణం ఎలా ఎదుర్కొంటుందో రాసి కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం చేరింది. మూడో పేజీ దాకా ఓపిక పట్టాను. అక్కడ "కణమనే కోటలో ప్రోటీన్ సైనికులు కత్తులు దూశారు" అని చూసి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేశాను. ఎవరమ్మా ఆ సైనికులు? పేర్లు లేవా?

ఆర్‌ఎన్‌ఏ వైరస్ కణంలో దూరితే పసిగట్టే ప్రోటీన్లలో రిగ్-ఐ ఒకటి. మన ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) కొసకి టోపీలాంటి రసాయన కప్పు ఉంటుంది, చాలా వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ కొసన మూడు ఫాస్ఫేట్లు బోడిగా ఉంటాయి. రిగ్-ఐ తడిమి చూసుకునేది ఆ బోడితనాన్నే. రిప్లెట్, ట్రిమ్-25 లాంటి ప్రోటీన్లు దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని గొలుసుగా తగిలిస్తాయి. కబురు మైటోకాండ్రియా మీదున్న మావ్స్ అనే ప్రోటీన్‌కి, అక్కణ్ణించి కేంద్రకానికి పోతుంది, వైరస్ వచ్చిందని చాటే ఇంటర్ఫెరాన్ తయారవుతుంది. 2005లో ఆ మావ్స్‌ని నాలుగు బృందాలు విడివిడిగా కనిపెట్టి నాలుగు పేర్లు పెట్టాయి. ఈ తమాషా చాలదా నీకు?

అసలు కోపం వేరే. ఈ కబురు ఆపడం గురించి ఒక్క వాక్యం రాయలేదు నువ్వు. అదే యుబిక్విటిన్‌ని ఆర్‌ఎన్‌ఎఫ్-125 అనే ప్రోటీన్ ఇంకో తీరుగా ముడేస్తే రిగ్-ఐ ముక్కలైపోతుంది. సివైఎల్‌డి అనే ఇంకో ప్రోటీన్ వచ్చి ముందు కట్టిన గొలుసునే ఊడదీస్తుంది. రిగ్-ఐ తోబుట్టువు ఎండీఏ-5 జన్యులోపంతో ఊరికే మోగుతూ ఉంటే, ఏ వైరస్సూ లేకుండానే పసిపిల్లల మెదడు దెబ్బతింటుంది.

పొలానికి నీళ్లు వదిలే మడవ తీయడం ఎవరైనా తీస్తారు. పెన్నా కాలవ కింద మా నాయన, ఎప్పుడు కట్టాలా అని రాత్రంతా గట్టు మీదే కూర్చునేవాడు. (పోలికలు వద్దని నేనే తెచ్చాననుకో. మడవ నేను చూసింది. నువ్వు ఉదయగిరి కోటైనా ఎక్కావా?)

2006 చికున్‌గున్యాలో నా వేళ్లు పెన్ను పట్టలేదు. వైరస్ జ్వరాల్లో ఒళ్లునొప్పులకి ఇంటర్ఫెరాన్ కూడా కారణమని తర్వాత చదివి, ఈ ఆపే ప్రోటీన్ల మీదే రాశాను. ఒక ఎడిటరు 'ప్రోటీన్' కనపడ్డచోటల్లా 'మాంసకృత్తు' అని దిద్ది, చివరి సగం కోసేసి, ఆ జాగాలో తలనూనె ప్రకటన వేశాడు. పారితోషికం ఇంకా దారిలోనే ఉంది!

పుస్తకం ఎలా వేయించాలో ఇప్పుడొద్దు. మీ అమ్మమ్మ నుదుటి మీద తడిగుడ్డ మార్చిన పేరా బాగుంది, ముందుకు తీసుకురా. ఆర్‌ఎన్‌ఎఫ్-125 దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. చేత్తో రాసేట్టయితే లైను విడిచి లైను రాయి, నా కళ్లకి ఆనడం లేదు.