వజ్రం మసకబారితే నకిలీ అనుకోకండి

జిడ్డు పట్టింది, అంతే. ఏప్రిల్ జన్మరత్నం వజ్రమని, ఆ నెలలో పుట్టిన అమ్మాయికి చెన్నై టి.నగర్‌లో కొన్న ఉంగరం నెలకే మసకబారిందని, జ్యోతిష్కుడేమో ఆ రాయి కాదన్నాడని అన్నారు కదా. వజ్రానికి నీళ్లు అంటవు, నూనె ఇట్టే పట్టుకుంటుంది. గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదే వజ్రాల్ని వేరుచేసేవారు!

1. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్. పావుగంట నానబెట్టండి. పక్కన ముత్యమో పచ్చో ఉంటే వద్దు.
2. అందరూ పైనే తోముతారు. తోమాల్సింది రాయి వెనక. లోపలికెళ్లిన వెలుగు అడుగు ముఖాలకు తగిలి తిరిగొస్తేనే మెరుపు. అక్కడ జిడ్డుంటే వెలుగు కిందికే పోతుంది. పిల్లల టూత్‌బ్రష్ చాలు.
3. కడిగి తుడవండి. సింకులో మాత్రం కాదు, జారిపోతే గోవిందా.

ఏప్రిల్‌కి వజ్రం కాదని జ్యోతిష్కుడు అన్నది వేరే సంగతి. నెలకో జన్మరత్నం అనే జాబితా 1912లో అమెరికా నగల వ్యాపారులు ఖాయం చేసుకున్నది, మన లెక్కలో వజ్రం శుక్రుడిది.