రిపోర్ట్ పంపడం ఆపి, స్పీకర్ ఆన్ చేసి చూడండి

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక ప్రొడక్ట్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. మా వెబ్‌సైట్ వికలాంగులు కూడా వాడుకోగలిగేలా చూసే బాధ్యత నాకిచ్చారు. తప్పులన్నీ రాసి రిపోర్ట్ ఇచ్చి మూడు నెలలైంది. ఒక్కటీ సరిచేయలేదు. ఏదైనా సర్టిఫికెట్ తెచ్చుకుంటే నా మాట వింటారా?

జవాబు: నేనూ సరిగ్గా ఇదే చేసి, ఇలాగే కూర్చున్నానండి. మాదాపూర్‌లో బస్ టికెట్లు అమ్మే ఒక సైట్‌కి పనిచేసే రోజుల్లో, రెండు వారాలు కష్టపడి 212 వరుసల ఎక్సెల్ షీట్ తయారుచేశాను. ప్రతి వరుసకీ డబ్ల్యూసీఏజీ (వెబ్‌సైట్లు వికలాంగులకూ అందేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ నిబంధనలు) నిబంధన నంబరు, స్క్రీన్‌షాట్. మేనేజర్ చూసి "సూపర్" అన్నాడు. ఆ షీట్ ఇప్పటికీ ఏ డ్రైవ్‌లోనో భద్రంగానే ఉండి ఉంటుంది.

తప్పు నాదీ ఉంది. రిలీజ్ టెన్షన్‌లో ఉన్న డెవలపర్ ముందు 212 తప్పులు గుమ్మరిస్తే ఎక్కణ్ణుంచి మొదలుపెడతాడు? పైగా పేజీని తనంతట తానే పరీక్షించి మార్కులు వేసే గూగుల్ టూల్ లైట్‌హౌస్, మా పేజీకి వందకి 96 వేసింది. "బాగానే ఉంది కదా" అని అదే చూపించేవాళ్లు.

అసలు సంగతి సీట్ల బొమ్మ దగ్గర బయటపడింది. మలక్‌పేట నుంచి వచ్చే టెస్టర్ ఒకతను ఉండేవాడు, పుట్టుకతోనే చూపు లేదు. అతను విండోస్‌లో ఎన్‌వీడీఏ వాడేవాడు. అది ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఒకరోజు డెవలపర్లందరినీ పిలిచి, అతని లాప్‌టాప్‌కి స్పీకర్ తగిలించి, సీట్ల పేజీ తెరవమన్నాను. "క్లిక్కబుల్ 1, క్లిక్కబుల్ 2, క్లిక్కబుల్ 3..." అని పోతూనే ఉంది. ఏది ఖాళీనో, ఏది కిటికీ పక్కదో, ఏది ఆడవాళ్లకు కేటాయించిందో ఒక్క ముక్క చెప్పదు. మేము సీట్లన్నీ ఉత్త డివ్‌లతో (అదేమిటో కంప్యూటర్‌కి ఏమీ చెప్పని ఖాళీ డబ్బాలతో) కట్టి, తేడా అంతా రంగులో పెట్టాం. ట్యాబ్ నొక్కితే కర్సర్ అసలు వాటి మీదకే వెళ్లేది కాదు. అవి బటన్లని ఎక్కడా రాయలేదు కాబట్టి, బటన్లకు ఉండాల్సినవి లేవని లైట్‌హౌస్ ఎలా పట్టుకుంటుంది?

గదిలో అందరూ "పాపం" అన్నారు. నేను గెలిచాననుకున్నాను. తర్వాతి స్ప్రింట్‌లో, అంటే తర్వాతి విడత పనుల్లో, దీని మీద ఒక్క టికెట్ (డెవలపర్‌కి ఇచ్చే పని చీటీ) కూడా పడలేదు! జాలితో ఒప్పుకున్న పని ఎప్పుడూ రిలీజ్ అయ్యాక చూద్దాం అనే కుప్పలోకే పోతుంది. అందుకే మాట మార్చాను. "కస్టమర్ డబ్బు పట్టుకుని వచ్చాడు, సీటు అమ్మలేక తిప్పి పంపాం, ఇది పీ1 బగ్ (అన్నిటికంటే ముందు సరిచేయాల్సిన తప్పు)" అని రాశాను. పేమెంట్ బటన్ పనిచేయకపోతే ఎంత గోల చేస్తారో అంత గోల చేశాను. వారంలో డివ్‌లన్నీ అసలైన బటన్లయ్యాయి.

అక్కడ నేనూ అతి చేశాను. ప్రతి సీటుకీ "ఈ సీటు నంబరు పన్నెండు, ఇది కిటికీ పక్కన ఉంది, ప్రస్తుతం ఖాళీగా ఉంది, ధర 850 రూపాయలు" అని లేబుల్ రాయించాను. మా టెస్టర్ రెండు సీట్లు విని నవ్వాడు. "అన్నా, నీ సీట్లన్నీ వినేసరికి బస్సు సూర్యాపేట దాటుతది." చివరికి "12, ఖాళీ, కిటికీ, 850" దగ్గర ఆగాం. వినేవాళ్లు ముందు మాట నచ్చకపోతే చప్పున తర్వాతి దానికి వెళ్లిపోతారు, కాబట్టి ముఖ్యమైనది ముందుండాలి. ఇది నాకు ఏ నిబంధనలోనూ కనిపించలేదు, అతని దగ్గరే నేర్చుకున్నాను. అలాంటివాళ్లను పిలిస్తే డబ్బిచ్చి పిలవండి. "ఒక గంట వచ్చి చూసిపెట్టరా" అని ఊరికే అడగడం మన దగ్గర మామూలైపోయింది, నాకది సిగ్గనిపిస్తుంది.

ఇక మీ రిపోర్ట్‌ని మళ్లీ తెరిచి, తప్పుల్ని పేజీల వారీగా కాకుండా కాంపోనెంట్ల వారీగా, అంటే అన్ని పేజీల్లోనూ మళ్లీ మళ్లీ వాడే ముక్కల వారీగా పేర్చండి. మా 212లో సగానికి పైగా నాలుగింటివే: బటన్, తేదీ ఎంచుకునే క్యాలెండర్, పాపప్, ఫారం గడి. వాటిని ఒక్కచోట బాగుచేస్తే సైట్ అంతా మారింది. ఆ తర్వాత డిజైన్ దశలోనే కూర్చోండి. మా డిజైనర్‌కి లేత బూడిద అక్షరాలంటే ప్రాణం. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట బస్టాప్‌కి తీసుకెళ్లి ఆమె ఫోన్‌లోనే మా పేజీ చూడమన్నాను. సాయంత్రానికి రంగు మారింది. కానీ "ఇది అందరికీ లాభం" అనే వాదన నేను పొదుపుగానే వాడతాను. సీటు లేబుల్ వల్ల చూపున్నవాళ్లకు ఒరిగేదేమీ లేదు, అయినా అది ఉండాల్సిందే.

మీది తెలుగు పేజీలున్న సైట్ అయితే, పేజీ కోడ్‌లో హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ దగ్గర భాష ఏమని రాశారో చూడండి. చాలాచోట్ల టెంప్లేట్‌తో వచ్చిన ఇంగ్లిష్ కోడే ఉండిపోతుంది. అప్పుడు స్క్రీన్ రీడర్ తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ గొంతుతో ఖూనీ చేస్తుంది, లేదంటే మింగేస్తుంది. "ఈఎన్" తీసి "టీఈ" పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. ఆఫర్ల బ్యానర్‌లో తెలుగును బొమ్మగా పెట్టి, దానికి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) రాయకపోతే మాత్రం ఏ గొంతూ చదవలేదు. అలాగే రిఫండ్ కోసం ఫోన్ చేయడం తప్ప దారి లేకపోతే, వినపడనివాళ్ల డబ్బు మీ దగ్గర ఇరుక్కుపోయినట్టే. చాట్ కానీ మెయిల్ కానీ పెట్టించండి.

చట్టం సంగతి డెవలపర్లకు చెప్పి లాభం లేదు, పైవాళ్లకు చెప్పండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఈ-కేవైసీలో (ఆన్‌లైన్‌లో కస్టమర్ గుర్తింపు తనిఖీలో) కళ్లు ఆర్పమనడం లాంటి అడ్డంకుల మీద వచ్చిన కేసులో, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. బడ్జెట్ అడిగేటప్పుడు ఈ రెండు వాక్యాలు పనికొస్తాయి.

సర్టిఫికెట్ రెజ్యూమేకి మంచిదే, తర్వాత చేయండి. ముందు ఈ శనివారం ఎన్‌వీడీఏ వేసుకుని, మానిటర్ ఆపేసి, మౌస్ ముట్టకుండా మీ సైట్‌లో ఒక్క పని మొదలు నుంచి చివరిదాకా చేసి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అదే మీ మొదటి టికెట్. అన్నట్టు, ఎన్‌వీడీఏ ఆపాలంటే ఇన్సర్ట్ పట్టుకుని క్యూ నొక్కాలి. మొదటిరోజు అది తెలియక నేను కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను.