పుస్తకం అచ్చుకిచ్చే ముందు

అంబాజీపేట

అమ్మాయీ,

నీ కథల పుస్తకం నువ్వే వేసుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం వేసిందమ్మా. ఈ కొబ్బరి దింపు డబ్బులు చేతికి రాగానే వెయ్యి కాపీలు కొట్టించేస్తానన్నావట. అక్కడ కాస్త ఆగు. ముందు రెండు వందలు వేసి చూడు.

సొంతంగా వేసుకోవడం చిన్నతనం అనుకోకు. మన రాజమండ్రిలో వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధిని పత్రిక మొదలుపెట్టి, తర్వాత ప్రెస్సే సొంతంగా పెట్టుకున్నారు. కాకపోతే ఆ దారికి ఓపిక కావాలి. అది నాకు మొదట్లో లేదు.

నా మొదటి పుస్తకానికి ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దుకోమని ఇచ్చే నమూనా పేజీలు, ఒక్కసారి చూసి వదిలేశాను. యూనికోడ్‌లో ఇచ్చిన ఫైలును ప్రెస్సులో వాడే ‘అను’ అనే తెలుగు ఫాంట్లలోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. ‘అక్క’ కాస్తా చాలా చోట్ల ‘అక’ అయింది. బైండింగ్ అయ్యాక గానీ చూసుకోలేదు. మూడు వందల కాపీలు ముందేసుకుని మీ పెద్దమ్మా నేనూ నాలుగు రాత్రులు పెన్నుతో దిద్దాం. ప్రెస్సు వాళ్లని కొన్నాళ్లు తిట్టుకున్నాను. కానీ అట్ట మీద పేరు నాది. చూసుకోవాల్సింది నేనే.

అందుకని ప్రూఫు ఫోన్‌లో చూడకు, కాగితం మీద చూడు. రెండోసారి చివరి పేజీ నుంచి వెనక్కి చదువు. అప్పుడు కథ లాక్కుపోదు, అక్షరం కనబడుతుంది. మూడోసారి నీ దగ్గర మొహమాటం లేని మనిషికి ఇవ్వు. ఆ మనిషి తేలిపోయిందన్న కథని, నీకెంత ఇష్టమైనా సరే, తీసి పక్కన పెట్టగలగాలి. రాయడం కన్నా ఇదే కష్టం తల్లీ.

ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరుకి, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో నువ్వే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఉచితం. అచ్చయ్యాక 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా గ్రంథాలయంతో కలిపి మరో మూడింటికీ తలా ఒక కాపీ మన ఖర్చుతో పంపాలి. 1954 నుంచీ ఉన్న చట్టం అది.

ఇక అమ్మకం. మన వైపు ఇంటికొచ్చిన వాళ్లకి కాఫీ ఇచ్చినంత తేలిగ్గా పుస్తకం చేతిలో పెట్టేస్తాం. ఊరికే వచ్చిన పుస్తకం చాలామంది తెరవను కూడా తెరవరు. “నూట యాభై రూపాయలండీ” అని కళ్లలోకి చూసి అడగడం అలవాటు చేసుకో. ఒక నోటుబుక్ పెట్టి ఊరికే ఇచ్చినవీ, అమ్మినవీ, షాపులో ఉంచినవీ విడివిడిగా రాయి. షాపులో ఇచ్చినప్పుడు రసీదు తీసుకో. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి, పాఠకులు ఏ పుస్తకం చేతిలోకి తీసుకుంటున్నారో ఒక రోజంతా నిలబడి చూడు.

కట్టలు నేల మీద మాత్రం పెట్టకు. మన చెమ్మకి ఒక్క వానాకాలం చాలు, అట్టలు ఉబ్బిపోతాయి.

ఫస్ట్ ప్రూఫు రాగానే నాకో కాపీ పంపు. ఎర్ర పెన్నులు రెండు కొని ఉంచాను. ఒకటి మీ పెద్దమ్మకి.

మీ పెదనాన్న