ఎరువు తొట్టె కంపు కొడుతుంటే...

ప్రశ్న: మాది యూనివర్సిటీ హాస్టల్. మెస్‌లో మిగిలిన ఎంగిలిని ఇటుక తొట్టెలో వేసి ఎరువు చేద్దామని మొదలుపెట్టాం. పదిహేను రోజులకే కంపు, పురుగులు. వార్డెన్ గారు ఆపేయమంటున్నారు. తప్పెక్కడ జరిగింది?
– మెస్ కమిటీ సభ్యురాలు, వరంగల్

జవాబు: ఆపకండమ్మా, ఇది సరిదిద్దుకోగలిగిందే. మీ తొట్టెలో నీళ్లు ఎక్కువయ్యాయి. అన్నంతోపాటు పడే సాంబారు, రసం, మజ్జిగ అడుగుకు దిగి గాలి ఆడే సందులన్నీ మూసేస్తాయి. గాలి లేనిచోట పెరిగే సూక్ష్మజీవుల వల్లే ఆ కుళ్లు వాసన.

ప్లేట్లు కడిగేచోట చిల్లుల బుట్ట పెట్టి, ఎంగిలిని అరగంట ఓడనివ్వండి. తర్వాత బకెట్ ఎంగిలికి రెండు బకెట్ల ఎండుటాకులు కలపండి. క్యాంపస్‌లో ఊడ్చిన ఆకుల్ని తగలబెట్టనివ్వకుండా గోనెసంచుల్లో దాచండి; వానాకాలంలో పొడి ఆకు దొరకడం కష్టం. తొట్టె అడుగున జానెడు మందాన పుల్లలు, కొబ్బరి పీచు పరవాలి. గోడల్లో గాలి సందులుండాలి. ఎంగిలి పైకి కనబడితే ఈగలు గుడ్లు పెడతాయి, కాబట్టి రోజూ పైన ఆకులు కప్పాలి.

వారానికోసారి తిరగేసేటప్పుడు పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలొస్తే సరిగ్గా ఉన్నట్టు. ధార కడితే ఆకులు కలపండి, పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లండి. మధ్యలో వేడి 55 డిగ్రీలు దాటాలి. ఇనుప చువ్వ గుచ్చి కాసేపాగి తీస్తే, చెయ్యి పెట్టలేనంత కాలాలి. కుప్ప మూడడుగుల కంటే చిన్నదైతే ఆ వేడి నిలవదు. ఇప్పుడున్న సరుకు పారేయొద్దు. బయటికి తీసి, ఆకులు కలిపి, మళ్లీ నింపండి. రెండో తొట్టె కూడా కావాలి: ఒకటి నిండాక రెండు మూడు నెలలు మాగాలి కదా.

ప్రశ్న: టీ కప్పులు కాగితానివే. స్క్రాప్ వాళ్లు ఎందుకు వద్దంటున్నారు?

జవాబు: కప్పును మెల్లగా చించి చూడండి, అంచున పలచటి ప్లాస్టిక్ పొర సాగుతుంది. టీ ఇంకకుండా ఆపేది అదే. మామూలు కాగితం మిల్లులో గుజ్జు చేసేటప్పుడు అది సరిగా విడిపోదు. పైగా అడుగున మిగిలిన టీ చుక్కలు పక్కనున్న నోటుపుస్తకాల్ని, అట్టల్ని తడిపి వాటి ధర కూడా పోగొడతాయి. క్యాంటీన్‌లో స్టీలు గ్లాసులు పెట్టించడమే దీనికి మందు. చిప్స్ ప్యాకెట్లదీ ఇదే బాధ, పొరలు విడదీయలేరు. పాల ప్యాకెట్లు మాత్రం కడిగి ఆరబెడితే కొంటారు. మూల ముక్క తెగిపోకుండా కత్తిరించండి.

ప్రశ్న: మేం వేరుచేసినా ట్రాక్టర్‌లో అన్నీ కలిపేస్తున్నారు.

జవాబు: తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తను వేర్వేరుగా ఇవ్వాలని కేంద్రం తెచ్చిన 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. ఒకే బండి రెండూ ఎత్తితే కలవక తప్పదు. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికి రెండుసార్లు వేరే రోజుల్లో తీసేలా రిజిస్ట్రార్ ఆఫీసుతో రాయించుకోండి. శానిటరీ ప్యాడ్లు న్యూస్‌పేపర్‌లో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. పగిలిన గాజు, బ్లేళ్లయితే అట్టపెట్టెలో పెట్టి, టేపు చుట్టి, పైన ‘గాజు’ అని పెద్దక్షరాలతో రాసి, చెత్త తీసే అక్కకు చెప్పి మరీ చేతికివ్వండి.