కుక్కపిల్ల కాలు విరిగితే బ్రీడర్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: ఫిబ్రవరి 14న ఒక బ్రీడర్ దగ్గర ఇటాలియన్ గ్రేహౌండ్ పిల్లను కొన్నాను. డబ్బు యూపీఐలో పంపాను. బిల్లు ఇవ్వలేదు. జులైలో అది సోఫా మీంచి దూకి ముందుకాలు విరగ్గొట్టుకుంది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. అప్పుడే డాక్టరు వెనక కాళ్లు కూడా చూసి, రెండు మోకాలి చిప్పలూ పక్కకు జారుతున్నాయని, పుట్టుకతో వచ్చిన లోపమే అయ్యుంటుందని చెప్పారు. కొనేముందు బ్రీడర్ 'తల్లికీ తండ్రికీ మోకాళ్లు చెక్ చేయించాం, క్లియర్' అని వాట్సాప్‌లో రాశారు. ఇప్పుడు అడిగితే 'ప్రాణమున్నదానికి గ్యారంటీ ఏంటండీ' అంటున్నారు. కేసు వేస్తే ఆపరేషన్ ఖర్చు వస్తుందా? దీనికి తోడుగా ఇంకో పిల్లను తెచ్చుకుందామనుకుంటున్నాం, ఏం చూసుకోవాలి? వ్యాక్సిన్ కార్డు ఫొటో జతచేశాను.

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. విరిగిన కాలును కేసులో పెట్టకండి. ఐదు కిలోలు కూడా దాటని వేట జాగిలం అది. ముందుకాలి ఎముకలు పెన్సిల్ అంత ఉంటాయి. ఏడాది నిండని పిల్ల సోఫా ఎత్తు నుంచి దూకినా అవి విరగడం ఈ జాతిలో డాక్టర్లు తరచూ చూసేదే. అవతలి లాయరు మొదట అడిగేది కూడా అదే: 'నున్నటి టైల్స్ మీద ఏమైనా పరిచారా? సోఫా దగ్గర మెట్టు పెట్టారా? దూకుతుందని తెలిసి వదిలేశారా?' వీటికి జవాబు చెప్పుకుంటూ కూర్చుంటే మీ అసలు కేసు పక్కకు పోతుంది.

మీ అసలు కేసు మోకాళ్లది. అంతకంటే గట్టిది మీరు పంపిన కార్డులోనే ఉంది, మీరు గమనించినట్టు లేరు. పై వరసలో పుట్టిన తేదీ జనవరి 3 అని రాసి ఉంది. పిల్లను మీ చేతికిచ్చింది ఫిబ్రవరి 14న. లెక్కేయండి, సరిగ్గా 42 రోజులు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ లెక్కన ఫిబ్రవరి 28 దాకా అది తల్లి దగ్గరే ఉండాలి. బ్రీడర్ తన చేత్తో రాసిచ్చిన కార్డే ఆయనకు ఎదురు సాక్ష్యం. దాన్ని లామినేషన్ చేయించకండి, ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టండి.

ఇక 'ప్రాణమున్నదానికి గ్యారంటీ' మాట. రేపు జబ్బు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, అంతవరకు ఆయన చెప్పింది నిజమే. కానీ మీ ఫిర్యాదు అది కాదు. చేయించని పరీక్ష చేయించామని చెప్పి అమ్మారన్నది మీ ఫిర్యాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'వస్తువు' అంటే కదిలించగల ఆస్తి ఏదైనా. మనసుకు కష్టంగా ఉన్నా చట్టం దృష్టిలో మీ కుక్క కూడా అందులోకే వస్తుంది. వస్తువు నాణ్యత గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, ఈ రెండూ ఆ చట్టం ప్రకారం అన్యాయ వ్యాపార పద్ధతులే. కాబట్టి కేసుకు ముందు బ్రీడర్‌కు పంపే నోటీసులో మొదటి పేరాలోనే అడగండి: 'తల్లిదండ్రుల మోకాళ్ల పరీక్ష రిపోర్టులు పంపండి.' రిపోర్టులు నిజంగా ఉంటే ఆయన పంపుతాడు, అప్పుడు మీ కేసు బాగా పలచబడుతుంది. పరీక్ష చేయించిన తల్లిదండ్రులకూ ఇలాంటి పిల్ల పుట్టొచ్చు. లేకపోతే ఆయన మౌనమే మీకు పనికొస్తుంది.

డాక్టరు నోటితో చెప్పింది చాలదు. 'అయ్యుంటుంది' అన్న మాట అసలే చాలదు. చిప్ప ఎంత జారుతోందో ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడు వేస్తారు. రెండు కాళ్లకూ గ్రేడు, అది దెబ్బ వల్ల వచ్చిందా లేక ఎదుగుదలలో వచ్చిందా, జులై పడటానికీ దీనికీ సంబంధం ఉందా లేదా, ఈ మూడూ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. మళ్లీ మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీయాల్సి వస్తే ఇది సన్నజాతి వేటకుక్క అని గుర్తుచేయండి. కొవ్వు తక్కువ కాబట్టి కొన్ని పాతరకం మత్తుమందుల నుంచి ఇవి తేరుకోవడానికి చాలా సేపు పడుతుంది.

బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో ఆయన్ను అడిగితే 'ఉంది' అనే అంటాడు. సమాచార హక్కు చట్టం కింద బోర్డునే అడగండి, ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. 'లేదు' అని వస్తే ఆ కాగితం ఫైల్లో పైన పెట్టండి. ఎనిమిది వారాల సంగతి మీద అక్కడే ఫిర్యాదు కూడా చేయండి. దానివల్ల మీకు పైసా రాదు, కానీ ఆయన రాజీకొచ్చే వేగం మారుతుంది.

స్పీడ్ పోస్టులో నోటీసు, పదిహేను రోజుల గడువు, ఆ తర్వాత మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. బ్రీడర్ వేరే ఊళ్లో ఉన్నా పర్వాలేదు. కొన్న ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. మోకాళ్ల వైద్యం ఖర్చు, కొన్న ధరలో కొంత, మానసిక వేదనకు పరిహారం అడగండి. వస్తువు మార్చి ఇప్పించే అధికారం కూడా కమిషన్‌కు ఉంది కానీ, ఆర్నెల్లు ఒళ్లో పడుకున్నదాన్ని మిక్సీలా మార్చుకోలేం కదా.

రెండో పిల్ల గురించి. ఈ రెంటినీ క్రాసింగ్ చేయించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఆ మోకాళ్లు పిల్లలకు దిగుతాయి. పైగా వ్యాపారం కోసం కొన్నారని అవతలివాళ్లు అంటే మీరు వినియోగదారు ఎలా అవుతారన్న ప్రశ్న వస్తుంది. పిల్లలు పెట్టించి అమ్మితే మీరే బ్రీడర్, రిజిస్ట్రేషన్ మీకే కావాలి.

ఈసారి డబ్బు పంపకముందే వెళ్లి తల్లికుక్కను పిల్లలతో ఉండగా చూడండి. 'తల్లి ఊళ్లో లేదు' అంటే వెనక్కి వచ్చేయండి. దాని వయసు, ఇది ఎన్నో ఈత అని అడగండి. పద్దెనిమిది నెలలు నిండకముందు, ఎనిమిదేళ్లు దాటాక ఈనించకూడదు. జీవితంలో ఐదు ఈతలకు మించకూడదు. కెన్నెల్ క్లబ్ (జాతికుక్కల వంశాన్ని నమోదు చేసే సంఘం) కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. మోకాళ్లు, కళ్ల పరీక్షల రిపోర్టులు, పంటి ఎనామెల్ లోపానికి డీఎన్ఏ టెస్టు విడిగా అడగాలి. రిపోర్టు మీద ఉన్న మైక్రోచిప్ నంబరు, తల్లి మెడ దగ్గర స్కానర్ పెడితే వచ్చే నంబరు ఒకటేనా చూసుకోండి. నేను చూసినంతలో మంచి బ్రీడర్ మనల్నే ఎక్కువ ప్రశ్నలు అడుగుతాడు: పగలు ఇంట్లో ఎవరుంటారు, గేటు మూస్తారా, చిన్నపిల్లలు ఎత్తుకుంటారా అని. ఆ ప్రశ్నలకు విసుక్కోకండి. పెంచలేకపోతే తిరిగి తీసుకుంటానని బిల్లు మీదే రాసిస్తే ఇంకా మంచిది.

ఒక్క పని మాత్రం ఈ రోజే చేయండి. ఆ వాట్సాప్ సంభాషణ మొత్తం, తేదీలు కనిపించేలా, వేరేచోట కూడా దాచుకోండి. కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ కమిషన్ ముందు పెట్టేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్, 2023) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది, అప్పుడు అసలు ఫోన్ మీ చేతిలో ఉండాలి.